అరుగు మీద వదిలిన విసనకర్ర

అమలాపురంలో మా పాత వీధిని తలుచుకుని కళ్ళు తుడుచుకునేవాళ్ళు నాకు చాలామంది తెలుసు. వాళ్ళలో ఎక్కువమంది ఆ వీధిలో మగపిల్లలుగా పుట్టినవాళ్ళు. ఆడపిల్లలుగా పుట్టినవాళ్ళని అడిగితే కాస్త ఆలోచించి జవాబు చెబుతారు. ఆ వీధిలోకి అడుగు పెట్టాలంటే చెప్పులు విప్పి చేత్తో పట్టుకోవలసి వచ్చినవాళ్ళని అడిగితే జవాబు చెప్పరు, మన మొహం చూసి నవ్వి ఊరుకుంటారు. ఆ వీధి అందం గురించి రాసేవాడు ముందుగా ఈ మాట చెప్పి తీరాలి. చెప్పకుండా రాసిన అందం సగం అబద్ధం.

అయినా అందం ఉంది. లేదనడం కూడా అబద్ధమే.

ఆ వీధిలో రెండు వరసల పెంకుటిళ్ళు. అన్నీ మండువా ఇళ్ళే, అన్నిటికీ వీధివైపు గచ్చు అరుగులు. ఎవరు ఎప్పుడు నిర్ణయించారో తెలియదు గాని ఒక వరసలో ఇళ్ళ అరుగులన్నీ ఒకే ఎత్తులో, ఒకదాన్నొకటి ఆనుకుని ఉండేవి. వానాకాలంలో వీధంతా బురదైపోతే ఈ చివరి ఇంటి నుంచి ఆ చివరి ఇంటికి పాదం తడవకుండా నడిచి వెళ్ళవచ్చు. ముందుకు దిగిన చూరు వల్ల తలా తడవదు. పొద్దున్న ఎండ మా వరస అరుగుల మీద, సాయంత్రం ఎండ ఎదురు వరస అరుగుల మీద. అందుకని సాయంత్రం నాలుగయ్యేసరికి ఎదురింటి ప్లీడరు గారితో సహా వీధిలో మగవాళ్ళందరూ మా వైపు చేరేవారు. మా ఇంటి అరుగు మిగతావాటికంటే వెడల్పు. పైగా మా పెదనాన్నగారు తర్కం చదువుకున్నవారు. కాబట్టి ఆ అరుగు మీద రోజూ ఏదో ఒక వాదం జరగవలసిందే.

కోనసీమ ఉక్క గురించి కోనసీమవాళ్ళకి చెప్పనక్కర్లేదు. మిగతావాళ్ళకి చెప్పినా తెలియదు. చుట్టూ కాలువలు, కొబ్బరితోటలు, గాలి మాత్రం కదలదు. ఆ వీధికి అప్పటికింకా కరెంటు రాలేదు. అరుగు మీదకి వచ్చే ప్రతి మనిషీ తన తాటాకు విసనకర్ర తను తెచ్చుకునేవాడు. తాటాకు చీలిపోకుండా చుట్టూ గుడ్డ అంచు కుడతారు కదా, ఆ అంచు రంగుని బట్టి ఏది ఎవరిదో తెలిసేది. పెదనాన్నగారిది ఎర్ర అంచు. ప్లీడరు గారిది నల్ల అంచు, కోర్టు కోటు చినిగిపోతే దాంట్లోంచి కత్తిరించినది. నాది నీలం.

ఈ విసనకర్రలకి మా వీధిలో ఒక కట్టుబాటు ఉండేది. ఇంకెక్కడా నేను చూడలేదు. దీపాల వేళకి వాదం ఆగిపోవాలి. అప్పటికి తేలకపోతే వాదించిన ఇద్దరూ తమ విసనకర్రలు తాము కూర్చున్న చోటనే అరుగు మీద వదిలి లోపలికి వెళ్ళాలి. మర్నాడు మళ్ళీ అక్కడే కూర్చోవాలి. ఎదుటివాడి మాట సబబే అనిపించినవాడు తన విసనకర్ర తను తీసుకుని ఇంటికి వెళ్ళిపోతాడు. అంతే. ఓడిపోయానని నోటితో అననక్కర్లేదు. ఎవరూ అడగరు, నవ్వరు. ఇంకొకరి విసనకర్రని మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు. దాన్ని ఎప్పుడు తీసుకోవాలో, అసలు తీసుకోవాలో వద్దో, ఆ మనిషే తేల్చుకోవాలి.

దీని వల్ల ఇళ్ళల్లో ఆడవాళ్ళకి ఎంత విసుగో చెప్పలేను. "ఆ ఆత్మ సంగతి రేపు తేలుద్దురు గాని, ముందు వెళ్ళి విసనకర్ర తెచ్చుకోండి. ఈ ఉక్కలో అన్నం ఎలా తింటారు?" అని మా దొడ్డమ్మ, అంటే పెదనాన్నగారి భార్య, ఎన్ని సాయంత్రాలు కేకలేసిందో. ఆయన చెమటలు కారుతూ భోంచేసేవారు గాని విసనకర్ర తెచ్చుకునేవారు కాదు.

మా చిన్నప్పుడే నాన్న పోవడంతో నన్నూ మా చెల్లాయినీ పెంచింది పెదనాన్నగారూ దొడ్డమ్మానే. అమ్మ నాన్నకంటే ముందే పోయింది. నేను కాకినాడ వెళ్ళి కాలేజీలో చేరాక సంఘసంస్కరణ సభలకి వెళ్ళడం, వక్తృత్వపు పోటీల్లో మాట్లాడడం మరిగాను. సెలవులకి ఇంటికి వచ్చినప్పుడల్లా మా అరుగు మీద ఆచారాలన్నిటినీ వరసపెట్టి ఖండించేవాణ్ణి. ఒకసారి సూర్యగ్రహణం పట్టింది. వీధిలో అందరూ తలుపులు మూసుకుని, పచ్చళ్ళ జాడీల మీద దర్భలు వేసుకుని కూర్చున్నారు. నేను అరుగు మీద కూర్చుని అరటిపండు తిన్నాను. ఒకటి కాదు, మూడు. ఆ సాయంత్రం వాదం మండిపోయింది. పెదనాన్నగారు ఎర్ర అంచు విసనకర్ర అరుగు మీద వదిలేసి లోపలికి వెళ్ళారు. మర్నాడు కూడా వదిలేశారు. ఆ మర్నాడూ అంతే. నాలుగో రోజు సాయంత్రం వచ్చి నా వైపు కింద నుంచి పైదాకా చూశారు.

"మూడ్రోజులు చూసేను. నీకేమీ కాలేదు" అన్నారు.

విసనకర్ర తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు. తరవాతి గ్రహణానికి ఆయన పట్టు విడుపు స్నానాలు మానలేదు గాని, పసిపిల్లలకి పాలు పట్టవద్దని ఎవరైనా అంటే మాత్రం, "పట్టండి, ఫరవాలేదు" అనేవారు. అంతమాత్రపు మార్పు నాకప్పుడు చాలా చిన్నదిగా కనిపించింది. ఒక మనిషి డెబ్బయ్యేళ్ళు నమ్మినదాన్ని నాలుగు రోజుల్లో తన చేత్తో తనే పక్కన పెట్టడం ఎంత పనో తెలియని వయసు నాది.

ఇప్పుడు చెల్లాయి సంగతి.

నాకంటే రెండేళ్ళు చిన్నది. పదకొండో ఏట పెళ్ళి చేశారు, చేసింది పెదనాన్నగారే. పదమూడో ఏట ఆ కుర్రవాడు టైఫాయిడుతో పోయాడు. చెల్లాయి తెల్లచీరతో మా ఇంటికి వచ్చేసింది. ఆ పిల్లకి జుట్టు తీయించాలని బంధువులు పట్టుబడితే పెదనాన్నగారు వీధి గుమ్మంలో అడ్డంగా నిలబడి, "ఆ మంగలి ఈ గడప దాటితే నేను దాటి వెళ్ళిపోతాను" అన్నారట. ఇది నాకు దొడ్డమ్మ చెప్పగా తెలుసు. ఆ మరుసటి నెల నుంచి ఆయనే కూర్చోబెట్టి దానికి చదువు చెప్పారు. లెక్కలు నేర్పడానికి ప్లీడరు గారు వచ్చేవారు. ఎనిమిదో తరగతి పరీక్ష ప్రైవేటుగా రాసి పాసయింది.

అయితే అరుగు మీదకి మాత్రం చెల్లాయి వచ్చేది కాదు. ఆ వీధిలో ఆడవాళ్ళెవరూ వీధి అరుగు మీద కూర్చోరు. విధవలైతే కిటికీ దగ్గర నిలబడడానికి కూడా వెనకాడేవారు, బయటికి వెళ్ళేవాళ్ళకి ఎదురవుతామేమోనని. చెల్లాయి లోపల కూర్చుని వీధి మొత్తానికీ విసనకర్రల అంచులు కుట్టేది. చెయ్యి అంత నేర్పుగా నడిచేది. ఎర్రది, నల్లది, నాది, అన్నీ దాని చేతి కుట్టే. దాని విసనకర్రకి మాత్రం అంచు లేదు. రంగు అంచు విధవకి కూడదట. వట్టి తాటాకు, చివర్లు చీలికలై ఉండేది.

స్వరాజ్యం వచ్చిన మరుసటేడు వేసవిలో రాజమండ్రిలో ఆడవాళ్ళ టీచరు ట్రైనింగుకి దరఖాస్తులు పిలిచారు. ఉండడానికి హాస్టలు కూడా ఉంది. రెండేళ్ళు చదివితే బడిలో ఉద్యోగం. నేను కాగితం తెచ్చి చెల్లాయికి ఇచ్చాను. ఆ పిల్ల దాన్ని చదివి, మడిచి, మళ్ళీ విప్పి చదివింది. "వెళ్తాను" అంది. అంత తొందరగా అది ఏ మాటా అనగా నేను వినలేదు. కాగితం చివర ఇరవై ఒకటి నిండిన సంరక్షకుడి సంతకం కావాలి. నాకప్పటికి ఇరవై ఒకటి నిండలేదు, నా సంతకం చెల్లదు. పెదనాన్నగారే పెట్టాలి. వారం రోజుల్లో అది రాజమండ్రి చేరాలి.

నెమ్మదిగా ఇంట్లో కూర్చుని అడగవలసిన సంగతిని నేను అరుగు మీదకి లాగాను. సభల్లో ఆరితేరినవాణ్ణి కదా. వినేవాళ్ళు లేకుండా మాట్లాడడం నాకు రుచించేది కాదు. ఆ సాయంత్రం ప్లీడరు గారు, మరో నలుగురు పెద్దలు ఉండగా నీలం అంచు విసనకర్ర పుచ్చుకుని పెదనాన్నగారికి ఎదురుగా కూర్చున్నాను.

"విధవ చదువుకోకూడదని ఏ శాస్త్రంలో ఉందండీ పెదనాన్నగారూ?"

"చదువుకోకూడదని నేనెప్పుడన్నానురా? దానికి చదువు చెప్పింది నేనే కదా."

"అయితే ట్రైనింగుకి వెళ్ళకూడదని ఏ శాస్త్రంలో ఉంది?"

"ట్రైనింగన్న మాటే శాస్త్రంలో లేదు."

అందరూ నవ్వారు. ప్లీడరు గారు తొడ చరిచి, "పాయింటేనండోయ్!" అన్నారు. ఆ నవ్వు నాకు నెత్తికెక్కింది. నవ్వినవాళ్ళకి నా మీద ప్రేమే గాని వైరం లేదు, పెదనాన్నగారు కూడా నవ్వుతూనే ఉన్నారు. ఇంకో రెండు మాటలు అనుకుంటే అసలు సంగతి బయటపడేది. నేను ఆగలేదు.

"పదకొండేళ్ళ పిల్లకి పెళ్ళి చెయ్యమని మాత్రం మీ శాస్త్రంలో ఉందిగా. చూసి మరీ చేసేరు గదండీ. దాని ఫలితం ఐదేళ్ళుగా లోపల కూర్చుని మీ అందరికీ అంచులు కుడుతోంది. ఆ పిల్ల బతుకు పాడుచేసిన చేత్తో ఒక్క సంతకం పెట్టడానికి ఇప్పుడు మీకు శాస్త్రం అడ్డం వచ్చిందా?"

ఆయన చేతిలో విసనకర్ర ఆగిపోయింది. దాన్ని పక్కన పెట్టారు. ఎదుటి స్తంభం వైపు చూస్తూ ఉండిపోయారు. నేనన్న మాట ఆయన తనలో తను ఐదేళ్ళుగా అనుకుంటున్నదేనని ఇప్పుడైతే ఊహించగలను. అప్పుడు మాత్రం ఆ మౌనాన్ని ఓటమి అనుకున్నాను. అనుకుని, ఆ వీధిలో అంతకు ముందు ఎవరూ చెయ్యని పని చేశాను. వంగి ఆయన విసనకర్ర తీసి ఆయన చేతికి అందించాను.

"తీసుకెళ్ళండి పెదనాన్నగారూ. దీపాల వేళయింది."

"ఒరేయ్! ఒరేయ్!" అన్నారు ప్లీడరు గారు, వేడి గిన్నె పట్టుకోబోతున్న పిల్లాణ్ణి వారించినట్టు.

పెదనాన్నగారు లేచారు. నేను చాపిన విసనకర్ర వైపు చూశారు గాని అందుకోలేదు.

"అది నీ దగ్గరే ఉంచు. నాకు వాదమూ లేదు, సంతకమూ లేదు" అని లోపలికి వెళ్ళిపోయారు.

నా చేతిలో ఎర్ర అంచు విసనకర్ర మిగిలింది. అది అరుగు మీదా లేదు, ఆయన ఇంటిలోకీ వెళ్ళలేదు. మా కట్టుబాటులో అలాంటి స్థితికి అర్థమే లేదు. పెద్దలు ఒక్కొక్కరూ లేచి వెళ్ళిపోయారు. గుమ్మంలో దొడ్డమ్మ నిలబడి ఉంది.

"గెలిచేవు కదా నాయనా. భోజనానికి రా" అంది.

చెల్లాయి వడ్డిస్తోంది. నా కంచం దగ్గరికి వచ్చినప్పుడు గొంతు తగ్గించి, "బాగా మాట్లాడేవు అన్నయ్యా. నా పెళ్ళి సంగతి ఆ చివరింటి దాకా వినపడింది" అంది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

మర్నాటి నుంచి పెదనాన్నగారు అరుగు మీదకి రావడం మానేశారు. మండువాలో వాలుకుర్చీ వేసుకుని పడమటి గోడవైపు తిరిగి కూర్చునేవారు. ప్లీడరు గారు వచ్చి, చూసి, వెళ్ళిపోయేవారు. మూడు రోజులయ్యేసరికి అరుగు మీద ఎవరూ లేని సాయంత్రం ఎలా ఉంటుందో వీధి మొత్తానికీ తెలిసింది. నాతో ఎవరూ ఏమీ అనలేదు. ఆ వీధివాళ్ళు అననిదే ఎక్కువ. నేను మాత్రం రోజులు లెక్కపెట్టుకుంటున్నాను. నాలుగు మిగిలాయి. మూడు.

నాలుగో రోజున నాకో ఉపాయం తట్టింది. వంటింట్లో చెల్లాయి పక్కన పీట వేసుకుని కూర్చున్నాను.

"ఆయన సంతకం నాకు బాగా తెలుసు. నేను పెట్టేస్తాను. అన్యాయపు ఆజ్ఞని ధిక్కరించడం తప్పు కాదు" అన్నాను.

అది కూర తరుగుతున్న కత్తిపీట పక్కకి జరిపి నా వైపు తిరిగింది.

"ఆ తరవాత?"

"ఆ తరవాతేముంది, వెళ్ళి చదువుకో."

"సెలవులకి ఎక్కడికి రాను అన్నయ్యా? నువ్వయితే కాలేజీ నుంచి వస్తావు, అరుస్తావు, అన్నం తిని పడుకుంటావు. నీకేం, మగాడివి. నేను దొంగతనంగా గడప దాటితే మళ్ళీ ఈ గడప ఎక్కగలనా? నాకు ట్రైనింగూ కావాలి, ఈ ఇల్లూ కావాలి."

స్త్రీ స్వేచ్ఛ గురించి అప్పటికి ఎన్నో సభల్లో మాట్లాడాను. సెలవులకి ఎక్కడికి వస్తుంది అన్న ప్రశ్న ఒక్క సభలోనూ తగల్లేదు నాకు.

"ఆ విసనకర్ర ఇలా ఇయ్యి" అంది.

"ఇంకొకరిది ముట్టుకోకూడదు."

"నువ్వు ముట్టుకోకుండానే వచ్చిందా నీ పెట్టెలోకి? అయినా అంచు కుట్టింది నేను. నాకా నియమం లేదు."

తెచ్చి ఇచ్చాను. దాన్ని చీర చెంగుతో తుడిచింది. తన వట్టి తాటాకు విసనకర్ర రెండో చేత్తో తీసుకుంది.

"నువ్వు గదిలో కిటికీ దగ్గర కూర్చో. నోరు మాత్రం విప్పకు" అంది.

నాలుగు గంటలయింది. చెల్లాయి వీధి గుమ్మం దాటి అరుగు మీదకి వెళ్ళింది. పెదనాన్నగారు రోజూ కూర్చునే స్తంభం దగ్గర ఎర్ర అంచు విసనకర్ర పెట్టింది. దానికెదురుగా చాప మీద తను కూర్చుని తన విసనకర్ర ఒడిలో పెట్టుకుంది. తెల్లచీర కట్టిన పద్దెనిమిదేళ్ళ పిల్ల, పట్టపగలు, వీధికి ఎదురుగా. నీళ్ళ బిందెతో వస్తున్న పక్కింటావిడ ఆగిపోయింది. ఎవరో శుభకార్యానికి బయలుదేరుతున్నవాళ్ళు కనిపిస్తారేమోనని నాకే భయం వేసింది. నా హేతువాదం ఆ క్షణంలో ఎక్కడికి పోయిందో చెప్పలేను. కిటికీ ఊచ పట్టుకుని కూర్చున్నాను.

ఎదురు అరుగు మీద ప్లీడరు గారు తలెత్తి చూశారు. కళ్ళజోడు సవరించుకున్నారు. ఆయనకి విషయం అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు. చేతులు నోటి దగ్గర పెట్టుకుని పెదనాన్నగారిని కేకేశారు.

"ఏవండోయ్ శాస్త్రం గారూ! మీ మీద వాది హాజరయ్యేరండీ! మీరు రాకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ ఇచ్చేస్తాను, తరవాత నన్ననుకుని లాభం లేదు!"

లోపల వాలుకుర్చీ కిర్రుమంది. తరవాత పెదనాన్నగారి అడుగులు వినిపించాయి. గుమ్మంలో ఆగారు. మొదట చెల్లాయిని చూశారు, తరవాత విసనకర్రని, తరవాత వీధిని. పక్కింటావిడ బిందె సర్దుకుని గబగబా వెళ్ళిపోయింది.

"ఎవరు పెట్టేరు ఇది ఇక్కడ?"

"నేనేనండీ. వాదం అయిపోలేదు కదండీ. అన్నయ్య నా తరఫున మాట్లాడేడు గాని నన్నడిగి మాట్లాడలేదు."

"నువ్వేమిటి మాట్లాడేది?"

"ఎక్కువ లేదండీ. ఒక్క ప్రశ్న. నాకు చదువెందుకు చెప్పేరు పెదనాన్నగారూ?"

ఆయన నెమ్మదిగా కూర్చున్నారు. విసనకర్ర ముట్టుకోలేదు.

"ఏదో... నీకు కాలక్షేపమవుతుందని."

"ఆయ్. ఎన్నేళ్ళకండీ?"

"ఏమిటే?"

"నాకిప్పుడు పద్దెనిమిది. దొడ్డమ్మకి అరవై. అంతవరకూ నేను బతికితే నలభై రెండేళ్ళు. అంత కాలం క్షేపించడానికి ఎనిమిదో తరగతి చాలదండీ."

ప్లీడరు గారు వీధి దాటి వచ్చి, నవ్వాలో వద్దో తెలియక అరుగు కిందే నిలబడ్డారు. నాకు నోరు దురద పెట్టింది. అక్కడ చెప్పవలసిన ప్రమాణాలు, చూపవలసిన దృష్టాంతాలు వరసగా గొంతు దాకా వచ్చాయి. పళ్ళు బిగబట్టుకున్నాను.

"అక్కడ నిన్నెవరు చూస్తారే?" అన్నారు చివరికి. "జ్వరమొస్తే ఎవరు కాచుకుంటారు? ఆ కుర్రాడికి జ్వరమొచ్చిందని ఉత్తరం వచ్చేసరికి ఆరో రోజయింది. నేను వెళ్ళేసరికి..."

"ఇది శాస్త్రమాండీ?" అని అడిగింది చెల్లాయి, ఎగతాళి లేకుండా.

"శాస్త్రం కాదు. భయం."

నేను శాస్త్రానికి జవాబులు సిద్ధం చేసుకున్నాను, ఒక నోటుపుస్తకం నిండా. భయానికి ఒక్కటీ లేదు. నాలుగు రోజుల క్రితం నేను నోరు మూసుకుని ఉంటే ఆయన ఈ మాట అప్పుడే అనేవారేమో.

"వారానికో ఉత్తరం రాస్తానండీ" అంది చెల్లాయి. "గురువారం పోస్టులో వేస్తే శనివారానికి వచ్చేస్తుంది. ఏ శనివారమైనా రాకపోతే, ఆదివారం పొద్దున్న మీరు బస్సెక్కి వచ్చెయ్యండి. నేను బాగానే ఉన్నా సరే, మీతో వచ్చేస్తాను."

"ఆ బొగ్గు మీద నడిచే బస్సా? అది కొత్తపేట దాటేసరికే సోమవారమవుతుంది."

ప్లీడరు గారు నవ్వేశారు. చెల్లాయి కూడా నవ్వింది. అది అరుగు మీద నవ్వడం వీధికి కొత్త, నాకూ కొత్తే. పెదనాన్నగారు నవ్వలేదు గాని పెదవుల చివర్లు కదిలాయి.

దీపాల వేళయింది. లోపల దొడ్డమ్మ లాంతరు వెలిగించిన చప్పుడు. పెదనాన్నగారు లేచారు. విసనకర్ర అక్కడే ఉంది. దానివైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోయారు.

మర్నాటి పోస్టు దాటితే కాగితం వేళకి చేరదు. ఈ వాదం కూడా గ్రహణం వాదంలా నాలుగు రోజులు అరుగు మీద పడి ఉంటే ఏం చెయ్యాలి? చెల్లాయి మాత్రం కదలలేదు. ఒడిలో వట్టి తాటాకు, చేతులు దాని మీద.

కళ్ళజోడు పెట్టుకుంటూ పెదనాన్నగారు తిరిగి వచ్చారు. రెండో చేతిలో కలం, సిరాబుడ్డి.

"ఏదీ ఆ కాగితం?"

నేను గది లోంచి పరుగెత్తుకుని వెళ్ళి ఇచ్చాను. స్తంభం దగ్గర కూర్చుని, లాంతరు తెప్పించుకుని, మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివారు. ఒకచోట ఆగి, "హాస్టల్లో నీళ్ళు కాచి ఇస్తారా?" అని ప్లీడరు గారిని అడిగారు, ఆయనకి ఆ హాస్టలు సంగతి తెలిసినట్టు.

"ఇస్తారండీ, ఇవ్వకపోతే దావా వేద్దాం" అన్నారు ప్లీడరు గారు.

సంతకం పెట్టారు. ఆరేదాకా చూశారు. కాగితం చెల్లాయికి ఇచ్చారు. అప్పుడు వంగి ఎర్ర అంచు విసనకర్రని తన చేత్తో తను తీసుకున్నారు. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగారు.

"నీది కూడా లోపలికి తెచ్చుకో అమ్మా. అక్కడ పెట్టెలో పెట్టుకోవాలి కదా, రాజమండ్రి మనకంటే వేడి."

ప్లీడరు గారు నా భుజం మీద చెయ్యి వేశారు. నా నీలం అంచు విసనకర్ర నేను వాదించిన సాయంత్రం నుంచీ అరుగు చివర నేను వదిలేసిన చోటే పడి ఉంది. "నీది కూడా తీసుకెళ్ళవోయ్" అన్నారు. తీసుకెళ్ళాను. ఆ వీధిలో పెద్దవాళ్ళు కట్టుబాటు పేరుతో చెప్పినదాన్ని నేను మనస్ఫూర్తిగా పాటించింది అదొక్కసారే.

బయలుదేరే రోజు పొద్దున్న చెల్లాయి పెట్టె సర్దుకుంటూ ఆగిపోయింది. తన విసనకర్రకి అంచు ఉంది. ఆకుపచ్చది, దొడ్డమ్మ పాత చీర లోంచి కత్తిరించినది. కుట్లు ఎగుడు దిగుడుగా ఉన్నాయి. దొడ్డమ్మకి చూపు ఆనదు.

"ఇదేమిటి దొడ్డమ్మా?"

"అంచు లేకపోతే ఆకు చీలిపోదూ? రెండేళ్ళు ఉండాలి కదా" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. దాని గురించి పెదనాన్నగారూ ఏమీ అనలేదు, వీధీ ఏమీ అనలేదు.

ఆ అరుగులు తరవాత రోడ్డు వెడల్పు కోసం కొట్టేశారు. నేనేమీ ఏడవలేదు. వాటి మీద కూర్చునే హక్కు లేకపోయిన మనుషుల్ని తలుచుకుంటే ఏడవవలసింది మరో దానికి. కాని ఒక మనిషి తన మనసు మార్చుకోవడానికి నాలుగు రోజుల గడువూ, పరువు పోకుండా లేచి వెళ్ళే దారీ ఇచ్చే చోటు మళ్ళీ ఏ సభలోనూ నేను చూడలేదు.

చెల్లాయి వెళ్ళిన మొదటి శనివారం నాకింకా సెలవులే. మూడు గంటలకే పెదనాన్నగారు అరుగు మీద కూర్చున్నారు. పక్కన చేతిసంచీ ఉంది. అందులో ఒక ధోవతీ, కండువా, మందుల పొట్లం. దొడ్డమ్మ ఎందుకని అడిగితే, "ఆదివారం పొద్దున్న సర్దుకోవడం మొదలెడితే బస్సు దాటిపోతుంది" అన్నారు. నాలుగున్నరకి పోస్టుమాను వచ్చాడు. ఎప్పటిలా అరుగు కిందే నిలబడి సంచీ వెతికి కార్డు తీశాడు. పెదనాన్నగారు దాన్ని అందుకుని, "ఎండలో నడిచొచ్చేవు, పైకొచ్చి కూర్చో నాయనా, చదివేదాకా" అన్నారు. అతను కొంచెం తటపటాయించి అరుగు అంచున కూర్చున్నాడు.

ఆయన చదివారు. మొదట తనలో తను, తరవాత దొడ్డమ్మ కోసం పైకి. తను క్షేమం. నీళ్ళు కాచి ఇస్తున్నారు. పక్క మంచం పిల్లది ముమ్మిడివరం. గదిలో ఉక్కగా ఉంటోంది, విసనకర్ర బాగా పనికొస్తోంది, మూడు మంచాలవాళ్ళూ అడిగి పుచ్చుకుంటున్నారు.

కార్డు రెండోసారి చదివి పంచె మడతలో దోపుకున్నారు. చేతిసంచీ దగ్గరికి లాక్కుని అందులోంచి ధోవతీ తీసి దొడ్డమ్మకి ఇచ్చారు.

"మడతపెట్టెయ్యి. రేపు బస్సెక్కక్కర్లేదు" అన్నారు.